రామప్ప గుడి బొమ్మలు: మదనికలా, సాలభంజికలా?

ఓరుగల్లు పిల్లోడు:
మొన్న ఆదివారం పాలంపేట వెళ్ళి రామప్ప గుడి చూసొచ్చాం. స్తంభాల మీంచి చూరుకి ఏటవాలుగా నిలబెట్టిన నల్లరాతి ఆడబొమ్మల్ని గైడ్ ఓసారి మదనికలన్నాడు, ఇంకోసారి సాలభంజికలన్నాడు. నేను ఫొటోల కింద సాలభంజికలని రాస్తే తప్పంటూ మా బాబాయి ఒకటే గొడవ. ఏది కరెక్టు?

పాతరాయి:
మీ బాబాయిదే కరెక్టు. సాల అంటే గుగ్గిలం చెట్టు, భంజిక అంటే విరిచేది. కొమ్మ పట్టుకుని వంచుతుంటేనే సాలభంజిక. సాంచీ తూర్పు తోరణానికి వేలాడే యక్షిని చూడండి, ఆ పేరు అక్కడ నప్పుతుంది. రామప్పలో ఒకామె ఒంటి మీద పాములు, ఇంకొకామె కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులు (అందరూ జూమ్ చేసి తీసేది ఆ చెప్పుల్నే). చెట్టేదీ?

సింగారం:
పాతరాయి గారూ, సాంచీ యక్షి పట్టుకున్నది మామిడి చెట్టండీ! మీ లెక్కన అదీ సాలభంజిక కాదు. విక్రమార్కుడి సింహాసనానికి 32 సాలభంజికలు, రాజు ఎక్కబోతే ఆపి కథ చెప్పేవి, వాటి చేతుల్లో కొమ్మలున్నాయని మా అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు. తెలుగులో ఆ మాటకి చెక్కిన ఆడబొమ్మ అనే అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది. నూనె అంటే అసలు నువ్వుల నెయ్యే కదా, అలాగని కొబ్బరినూనె అనడం మానేశామా?

పాతరాయి:
మామిడి సంగతి ఒప్పుకుంటా, నూనె కూడా. కానీ అన్నిటికీ అదే పేరు పెట్టేస్తే నిజంగా కొమ్మ వంచే బొమ్మని ఏమనాలి? బేలూరులో, అది 1117 నాటి గుడి, చూరు కింద ఇలాంటి చోటే ఉన్నవాళ్ళని కన్నడిగులు మదనికెలంటారు. రామప్ప 1213 నాటిది. చోటూ అదే, పనీ అదే.

గుడిపక్క ఇల్లు:
చోటుని బట్టి పేరంటే చిక్కేనన్నా. ఆడబొమ్మలు మూడు గుమ్మాల దగ్గర నాలుగేసి చొప్పున 12 మాత్రమే. మిగతా చూరంతా అదే వాలులో ఏనుగుల మీద యాళిలు, అదే సింహంలాంటి ఊహా జంతువులు. వాటినీ మదనికలంటారా? చిన్నప్పుడు మాకైతే నాగిని, చెప్పులామె, అంతే.

ఓరుగల్లు పిల్లోడు:
మదనికలని మార్చేశాను, నాగినికి మాత్రం నాగిని అనే. బాబాయికి చూపిస్తే, నువ్వు ముందు రాసిందాంట్లో కూడా 'సా' తప్పు, 'శా' ఉండాలంటున్నాడు. దానికి వేరే థ్రెడ్ పెడతా.