200 కోళ్ళకి రోజుకి 33 కిలోల దాణా, అసలు ఎవరు తింటున్నారు?

మామిడితోప్పు_కోళ్ళు:
అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది అనంతపురం వైపు, ఉద్యోగం బెంగళూరులో. దేవనహళ్ళి దాటాక రెండెకరాల మామిడి తోట ఉంది, రెండేళ్ళ నుంచి అందులో కోళ్ళు వదిలాం. ఇప్పుడు నాటువీ గిరిరాజ అనే సంకర జాతివీ కలిపి పెద్దవి 120, రెండు మూడు నెలల పిల్లలు 40, బాతులు 20, గిన్నీ కోళ్ళు 12, టర్కీలు 6. పగలంతా తోటలోనే తిరుగుతాయి, రాత్రి షెడ్డులో మూస్తాం. చెట్ల కింద మేసేవాటికి దాణా సగం చాలు అని అందరూ చెబితేనే మొదలుపెట్టాను, కానీ 50 కిలోల బస్తా ఒకటిన్నర రోజుకే ఖాళీ! అన్నింటికీ లేయర్ దాణానే (గుడ్లు పెట్టే కోళ్ళ కోసం చేసేది) వేస్తున్నాం. తోటలో ఉండే దంపతులు పొద్దునా సాయంత్రం తొట్లు నిండా పోస్తారు, నేను వెళ్ళేది శనివారాలే. గుడ్లు అమ్మిన డబ్బు దాణా కొట్టుకే సరిపోతోంది. మేత తగ్గిస్తే గుడ్లు పడిపోతాయేమోనని టెన్షన్. ఏం చేయాలి?

లెక్కలపంతులు:
ముందు కాగితం మీద లెక్క వేద్దాం తమ్ముడూ. పెద్ద కోడికి రోజుకి 100 గ్రాములు వేసుకో, గిరిరాజలు కొంచెం ఎక్కువ తింటాయి, నాటువి తక్కువ, సరిపోతుంది. అంటే 12 కిలోలు. బాతుకి 160 చొప్పున 3 కిలోల పైన, పిల్లలకి 60 చొప్పున రెండున్నర, టర్కీలకి కిలోన్నర, గిన్నీలకి ఒక కిలో. మొత్తం 20 కిలోలు. అదీ బయట ఒక్క పురుగు కూడా ఏరుకోకుండా కట్టేసి మేపితే. నువ్వు 33 పోస్తున్నావు, కాబట్టి 13 కిలోలు నీ కోళ్ళ పొట్టలోకి పోవడం లేదు. మేత తగ్గించాలా వద్దా అనేది తర్వాత సంగతి, ముందు ఆ 13 ఎటు పోతోందో పట్టుకో.

ఈ శనివారం రాత్రి అక్కడే పడుకో. కోళ్ళని మూసేశాక తొట్లలో మిగిలిన దాణా తూకం వేసి మళ్ళీ తొట్లలోనే పోసెయ్యి, పొద్దున షెడ్డు తలుపు తీయకముందే ఇంకోసారి తూకం వెయ్యి. తేడా వస్తే అది ఎలుకలదో పందికొక్కులదో. ఎలుక రోజుకి పాతిక గ్రాములే తింటుంది కానీ పందికొక్కు తినడంతో ఆగదు, కలుగులోకి మోసి దాచుకుంటుంది. ఎలుకలే మొత్తం తినాలంటే 500 ఉండాలి, అన్ని ఉంటే నువ్వు కోళ్ళు మానేసి వేరే వ్యాపారం చూసుకోవచ్చు :)

హోస్కోటె_అమ్మాయి:
పంతులు గారి లెక్క బాగుంది కానీ నాకు వేరే చోట గుచ్చుకుంది. అన్నింటికీ లేయర్ దాణానా? మానేయండి ముందు. అందులో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది, ఎదిగే పిల్లలకి ఒక శాతం చాలు. ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి, మా దగ్గర మొదటి బ్యాచ్‌లో పిల్లలు అలాగే ముడుచుకుని పోయాయి, మేమేమో జబ్బు అనుకున్నాం. పుంజులకీ అంత అక్కర్లేదు. ఇప్పుడు అందరికీ గ్రోయర్ దాణానే (ఎదిగే కోళ్ళ కోసం చేసేది) వేసి, పక్కన ఒక డబ్బాలో కాల్షియం కోసం గుల్ల పలుకులు పెడతాం, గుడ్డు పెట్టే పెట్టలు కావలసినంత తినేసి పోతాయి. పిల్లలకి మూలలో వెదురు తడిక కట్టి, కింద అవి మాత్రమే దూరగలిగే సందు వదిలాం. లేకపోతే టర్కీ వచ్చి తొట్టిలో నిలబడితే పిల్లలకి మిగిలేది వాసనే.

తొట్టి అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి, మూడో వంతుకి మించి నింపకూడదు. నిండా పోస్తే కాళ్ళతో కెలికి సగం మట్టిపాలు చేస్తాయి. ఇంకోటి, పాత స్టాకు కొనకండి. వానల్లో బూజు పట్టిన మొక్కజొన్న కోళ్ళు ఎలాగో తట్టుకున్నా బాతులూ టర్కీలూ తట్టుకోలేవు.

శిడ్లఘట్ట_అన్న:
నేను పొద్దున దాణా వేయను. ఖాళీ కడుపుతో వదిలితేనే తోటంతా తిరిగి చెదలు, మిడతలు, గడ్డి వెతుక్కుంటాయి. సాయంత్రం నాలుగున్నరకి పిలిచి వేస్తే పరిగెత్తుకుని వస్తాయి, లెక్కపెట్టడం కూడా అప్పుడే. మాకు పట్టుదారం తీసే రీలింగ్ యూనిట్ల నుంచి పట్టుపురుగు ప్యూపా (గూడు లోపల మిగిలే పురుగు) దొరుకుతుంది, మంచి మాంసకృత్తులు, కాకపోతే ఎక్కువ వేస్తే గుడ్డు వాసన వస్తుంది, కస్టమర్ తిరిగి రాడు.

హోస్కోటె_అమ్మాయి:
అన్నా, అది మీ దగ్గర పచ్చదనం ఉంది కాబట్టి. వానలు పడి గడ్డి ఉన్న నెలల్లో సరే. మార్చి, ఏప్రిల్‌లో 200 కోళ్ళు గోకిన నేలలో ఏం మిగులుతుంది? రెండెకరాలైనా షెడ్డు చుట్టూనే తిరుగుతాయి. గుడ్లు పెట్టే వాటికి పొద్దున కొంచెమైనా వేయాలి, లేదంటే పది రోజుల్లో ట్రే ఖాళీగా కనిపిస్తుంది.

శిడ్లఘట్ట_అన్న:
ఎండాకాలం సంగతి ఒప్పుకుంటా.

మామిడితోప్పు_కోళ్ళు:
పంతులు గారూ, మీ మాట విని శనివారం రాత్రి అక్కడే పడుకున్నా. రాత్రి తొట్లలో 9 కిలోలు మిగిలాయి, పొద్దునకి మూడున్నర! టార్చి వేస్తే మామిడి మొదళ్ళ దగ్గర పందికొక్కులు వరుసకట్టి ఉన్నాయి. అంతటితో అయిపోలేదు, పొద్దున కోళ్ళు వదలగానే ఎక్కడి నుంచో పావురాలు దిగి వాటితో పాటు కూర్చుని తింటున్నాయి, మా వాళ్ళు వాటినీ మనవే అనుకున్నారట. ఇప్పుడు సాయంత్రం కోళ్ళు తిన్నాక తొట్లు లోపలికి తెచ్చి, బస్తాని మూత ఉన్న డ్రమ్ములో పోస్తున్నాం. పొద్దున మూడో వంతు, మిగతాది సాయంత్రం. నాలుగు రోజులుగా 24 కిలోల దగ్గర ఆగింది, గుడ్లు తగ్గలేదు. గ్రోయర్ దాణా, గుల్ల ఇవాళే తెప్పించాను.

ఇంకా నాలుగు కిలోలు ఎక్కువే పోతోంది. బాతుల మీద అనుమానం, నోట్లో దాణా పెట్టుకుని నీళ్ళ తొట్టికి పరిగెత్తి అందులో కలిపేస్తున్నాయి, నీళ్ళు గంజిలా ఉన్నాయి. నీళ్ళు దాణాకి కాస్త దూరం పెట్టి చూస్తా. తూకం మిషన్ అక్కడే వదిలేసి వచ్చాను, తోటలో ఉండే ఆయన రోజూ షెడ్డు గోడ మీద బొగ్గుతో రాస్తున్నాడు.