మేక కొవ్వులో డీడీడీ పీక్ సాయంత్రానికి ఎందుకు పెరుగుతోంది?

తిరుపతి_వెట్:
అందరికీ నమస్తే. తిరుపతిలో వెటర్నరీ పీజీ చేస్తున్నా. చిత్తూరు చుట్టుపక్కల మటన్ కొట్ల నుంచి మేక కిడ్నీ చుట్టూ ఉండే కొవ్వు తెచ్చి, కరిగించి, హెక్సేన్ అనే ద్రావకంలోకి తీసి, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడిగి జీసీ-ఈసీడీలో (శాంపిల్‌ని ఆవిరి చేసి విడదీసి, క్లోరిన్ ఉన్నవాటిని పట్టే మిషన్) డీడీటీ లాంటి పాత క్లోరిన్ పురుగుమందులు చూస్తున్నాం. పొద్దున డీడీటీ బాగానే వస్తుంది, సాయంత్రానికి అది తగ్గిపోయి, డీడీటీ విరిగితే వచ్చే డీడీడీ పీక్ (గ్రాఫ్‌లో శిఖరం) లేస్తోంది. డీల్డ్రిన్ అనే ఇంకో పురుగుమందు అయితే మేమే కలిపినా కనబడటం లేదు. థీసిస్ టెన్షన్ మొదలైంది. ఈ డీడీడీ మేకలోదేనా?

ఈసీడీ_అన్న:
తమ్ముడూ, ముందు లైనర్ (మిషన్‌లో శాంపిల్ ఆవిరయ్యే చోటి గాజు గొట్టం) తీసి చూడు, పసుపుపచ్చగా జిడ్డు పట్టి ఉంటుంది. శుభ్రం కాని కొవ్వు ఆ వేడికి అక్కడే మాడుతుంది, దాని మీద పడిన డీడీటీ విరిగి డీడీడీ, డీడీఈ అవుతుంది. శాంపిల్ జోలికి పోకుండా డీడీటీ, ఎండ్రిన్ (ఇదీ పురుగుమందే) స్టాండర్డ్, అంటే తెలిసిన మోతాదు శుద్ధ ద్రావణం, మాత్రమే వేసి చూడు. డీడీడీ, ఎండ్రిన్ ఆల్డిహైడ్, ఎండ్రిన్ కీటోన్ వచ్చాయంటే తప్పు మిషన్‌ది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 8081 పద్ధతిలో ఇలా విరిగిపోవడం డీడీటీకైనా, ఎండ్రిన్‌కైనా ఒక్కోదానికి 15 శాతం దాటకూడదు. లైనర్ మార్చి, కాలమ్ (పదార్థాలను విడదీసే సన్న గొట్టం) ముందు భాగం కొంచెం కోసెయ్.

పాల_ల్యాబ్_పలమనేరు:
డీల్డ్రిన్‌ని మీ యాసిడే తినేసింది. ఎండ్రిన్, ఎండోసల్ఫాన్, ఎండోసల్ఫాన్ సల్ఫేట్ కూడా పోతాయి. డీడీఈ, హెచ్‌సీహెచ్ లాంటివి తట్టుకుంటాయి కాబట్టి క్రోమటోగ్రామ్ (మిషన్ ఇచ్చే గ్రాఫ్) చూడ్డానికి చక్కగా ఉంటుంది, అదే మోసం. ఆల్డ్రిన్ పశువు ఒంట్లో డీల్డ్రిన్‌గా మారుతుంది, ఎండోసల్ఫానేమో ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుతుంది, అంటే మీరు వెతికేవాటినే కడిగి పారబోస్తున్నట్టు. అసిటోనైట్రైల్ అనే ద్రావకంలోకి తీసి రాత్రంతా ఫ్రీజర్‌లో మైనస్ 20లో పెట్టండి, కొవ్వు చాలావరకు గడ్డకట్టి కిందికి దిగుతుంది. జీపీసీ (అణువుల సైజును బట్టి కొవ్వును విడదీసే పరికరం) ఉంటే ఇంకా మేలు. ఇంకోటి, మొత్తం డీడీటీ లెక్కలో డీడీఈని 1.11తో గుణించి కలపాలి, ఊరికే కూడితే తక్కువ చూపిస్తుంది.

తిరుపతి_వెట్:
థాంక్స్ అన్నా, థాంక్స్ సార్. మరి రికవరీకి (మేం కలిపిన మందు ఎంత శాతం తిరిగి దొరుకుతుందో చూసే పరీక్ష) ఏ మందూ లేని కొవ్వు ఎక్కడ దొరుకుతుంది? ఏ మేకను చూసినా డీడీఈ కొంచెమైనా ఉంటోంది.

ఈసీడీ_అన్న:
అసలు లేని కొవ్వు కోసం తిరగొద్దు. ఉన్నవాటిలో తక్కువున్నది ఎంచుకో, ముందే ఉన్నదాన్ని తీసేసి రికవరీ లెక్కెయ్. కలిపే మోతాదు మాత్రం ఆ ఉన్నదానికి బాగా ఎక్కువగా పెట్టు.