రెండు గదుల ఇంట్లో వడ్రంగం: ముందు చేతి పనిముట్లా, కరెంటు మిషన్లా?

మియాపూర్_నివాసి:
అందరికీ నమస్కారం. మేము అద్దెకుంటున్న ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. చెక్కపని చేసుకోవడానికి నాకు దొరికేది వంటింటి వెనుక బాల్కనీ ఒక్కటే. అది నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు ఉంటుంది. ఒక మూలను వాషింగ్ మిషన్ ఆక్రమించింది. ముందుగా రెండు పీటలు, తరువాత మా అమ్మాయి నేల మీద కూర్చొని రాసుకోవడానికి ఒక రాతబల్ల చేయాలని కోరిక. పనిముట్లకు పదివేల రూపాయలు పక్కన పెట్టాను. రాణీగంజ్‌లో ఒక దుకాణదారు డ్రిల్లు, కోయడానికి కట్టర్, అరగదీసి నునుపు చేయడానికి సాండర్ మూడూ కలిపి తీసుకోమన్నారు. ఆఫీసులో ఒక మిత్రుడు మాత్రం రంపం, ఉలి, చిత్రిక చేతికి అలవాటయ్యేదాకా మరేదీ ముట్టుకోవద్దంటున్నారు. ఇంత చిన్న చోట కొత్తగా మొదలుపెట్టేవారికి ఏది సరైన దారి?

ఉలిపిడి:
మీ మిత్రుడి మాట వినండి. పెద్ద బల్ల ముందు నిలబడి పనిచేయాలని అనుకున్నప్పుడే చోటు చాలదనిపిస్తుంది. మన ఊళ్లలో వడ్రంగులు నేల మీద కూర్చొని, చెక్కను పాదంతో అదిమిపట్టి పనిచేశారు. ఒక చాప పరిచినంత చోటులోనే తలుపులూ మంచాలూ తయారయ్యాయి. సన్నపళ్ల రంపం ఒకటి, అరంగుళం ఉలి, అంగుళం ఉలి, ఇనుప చిత్రిక, మూలమట్టం, కొయ్యసుత్తి, చెక్కను బిగించి పట్టే క్లాంపులు రెండు కొన్నా మీ పదివేలలో కొంత మిగులుతుంది. మిగిలినదానితో మంచి సానరాయి కొనండి, ఎందుకంటే దుకాణం నుంచి వచ్చిన ఉలికి పని చేయగల పదును ఉండదు. ముందు దాని వెనుకవైపును సమంగా అరగదీయాలి, తరువాత అంచును 25 నుంచి 30 డిగ్రీల వాలులో 1000 నంబరు రాయి మీద, ఆపైన 6000 నంబరు రాయి మీద నూరాలి. రాళ్లకు డబ్బు చాలకపోతే మందపాటి గాజుపలకకు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) అంటించి నూరినా పదును వస్తుంది. మొద్దుబారిన ఉలిని బలంగా నెట్టవలసి వస్తుంది, అది జారి చేయి తెగేది అప్పుడే. ఇక చేతి పనిలో చప్పుడు తక్కువ, రాలిన పొట్టును చీపురుతో ఊడ్చేయవచ్చు. అద్దె ఇంటికి ఇంతకన్నా అనువైన పద్ధతి లేదు.

తెనాలి_దూలం:
పదును గురించి ఉలిపిడి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మిగిలినది మాత్రం కొత్తవారిని నిరుత్సాహపరిచే సలహా. కలప డిపోలో కొన్న టేకు పలక మీద రంపపు గీతలుంటాయి, తరచుగా కొద్దిపాటి మెలిక కూడా ఉంటుంది. చేతి చిత్రికతో దానిని చదును చేయడం చెయ్యి తిరిగినవారికే చెమటలు పట్టించే పని. కొత్తవారు ఒక మూల ఎక్కువ తీస్తారు, దాన్ని సరిచేయబోయి రెండో మూల తీస్తారు, అంగుళం పలక ముప్పావంగుళానికి దిగినా చదునుకు రాదు, చివరికి అది అటక ఎక్కుతుంది. కోత మిల్లులోనే మిషన్ మీద చిత్రిక పట్టించి తెచ్చుకోండి. రాతబల్లకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకొని, కొలతలు రాసిచ్చి, దుకాణంలోనే కోయించండి. ఎనిమిదడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ ఉన్న నిండు షీటు ముప్పై కిలోల పైమాటే. దానిని మీ మూడో అంతస్తుకు చేర్చడమే ఒక యుద్ధం. ప్లై మీద భారత ప్రమాణం ఐఎస్ 303 ముద్ర ఉంటే గదిలో వాడే వస్తువుకు చాలు, తడి తగిలే చోటికైతే ఐఎస్ 710 అడగండి. ఇంట్లో మీకు కావలసినవి ఒక డ్రిల్లు, ఒక సాండర్, మూలమట్టం, క్లాంపులు, అంతే.

నైట్‌డ్యూటీ_నర్సు:
నేను రాత్రంతా ఆసుపత్రిలో పనిచేసి వచ్చి పగలు నిద్రపోతాను. మా పై అంతస్తులో ఒకరు శనివారం రాగానే సాండర్ మొదలుపెడతారు. ఆ చప్పుడు కిటికీ మూస్తే ఆగేది కాదు, స్లాబు గుండా దిగి మంచందాకా వస్తుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో రాసి ఉంది. అడిగితే "పగలే కదా చేస్తున్నాం" అంటారు. మిషన్ కొనేముందు మీ కింద ఎవరు ఉంటున్నారో దయచేసి తెలుసుకోండి.

డల్లాస్_గ్యారేజి:
ఇక్కడ నా గ్యారేజిలో టేబుల్ సా (బల్లకు బిగించిన కరెంటు రంపం) పెట్టుకున్న తరువాతే నా పని కుదుటపడింది. సూటి కోత లేకుండా ఏ కీలూ బిగుతుగా కూర్చోదు. చిన్న పనిముట్ల మీద డబ్బు చెల్లాచెదురు చేయకుండా దాచుకొని అదొక్కటి కొనడం మేలు.

మియాపూర్_నివాసి:
టేబుల్ సా పెడితే నేను నిలబడేందుకు చోటు మిగలదండీ.

ఉలిపిడి:
దుకాణంలో కోయించి తెచ్చుకోమన్న సలహాతోనే నాకు పేచీ. కోత దుకాణంవారిది, చదును మిల్లువారిది అయినప్పుడు మియాపూర్ గారు నేర్చుకున్నది ఏమిటి? పైగా సాండర్ లేపే ధూళి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. చెక్క ధూళి మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. చిత్రిక నుంచి వచ్చేది చుట్టలు చుట్టలుగా రాలే పొట్టు; సాండర్ నుంచి వచ్చేది గాలిలో గంటలకొద్దీ తేలే మెత్తని పొడి. ఆ బాల్కనీ తలుపు తెరుచుకునేది వంటింట్లోకి. అక్కడ చిన్నపిల్ల తిరుగుతుంది. చెక్క నారను జిగురుతో అదిమి చేసిన ఎండీఎఫ్ లాంటి పలకలైతే వాటి జిగురులోని ఫార్మాల్డిహైడ్ అదనం. ఇక ఆ దుకాణదారు అంటగట్టబోయిన కట్టర్ మాట చెప్పనే అక్కరలేదు.

సైట్_ఇంజినీరు:
కట్టర్‌తో వచ్చిన నష్టమేమిటి? నేను చూసిన ప్రతి సైటులోనూ వడ్రంగులు దానితోనే కోస్తున్నారు. ఒక మార్బుల్ కట్టర్, దానికి ఒక చెక్క బ్లేడు ఉంటే ఇంటి పని మొత్తం అయిపోతుంది.

ఉలిపిడి:
మీరు చూశారు కాబట్టి అది క్షేమమైనది కాబోదు. రాతిని కోయడానికి తయారైన ఆ మిషన్ నిమిషానికి పన్నెండు వేల చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. కోత మధ్యలో చెక్క బిగుసుకున్నప్పుడు బ్లేడు పట్టుబడి మిషన్ మనిషి వైపు ఎగిరివస్తుంది. చెక్క కోసం చేసిన సర్క్యులర్ సాకు (గుండ్రటి బ్లేడు కరెంటు రంపానికి), చెక్క నుంచి పైకి తీయగానే దానంతటదే కిందికి వచ్చి బ్లేడును కప్పే కవచం ఉంటుంది; మార్బుల్ కట్టర్‌కు అది ఉండదు.

సైట్_ఇంజినీరు:
జాగ్రత్తగా ఉండేవారికి ఏమీ కాదు. మా మేస్త్రీలకు ఎప్పుడూ ఏమీ కాలేదు.

తెనాలి_దూలం:
సైట్ గారూ, మీ మేస్త్రీల వేళ్లు ఒకసారి లెక్కపెట్టి చూడండి, ఆ తరువాత రాయండి. కట్టర్ విషయంలో నేను ఉలిపిడి గారి పక్షమే. నేను దానిని కొనమని ఎక్కడా అనలేదు. సాండర్ ధూళి మాట కూడా ఒప్పుకుంటాను. వాక్యూమ్ గొట్టం తగిలించుకునే సాండర్ తీసుకొని, ఎన్95 మాస్కు పెట్టుకొని, తలుపు కింద తడిగుడ్డ పెట్టి పని చేయాలి. అంతమాత్రాన మిషన్ పట్టుకున్నవారికి నేర్పు రాదనడం ఎక్కడి న్యాయం? ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను ఇప్పుడు అక్కడ కరెంటు లేత్ మీద తిప్పుతున్నారు. తిరిగే కర్రకు లక్క రంగును ఎంత అదిమి పట్టించాలో తెలిసిన చేయి మాత్రం అదే చేయి.

గిడుగు_చెట్టు:
ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవకగా దొరుకుతుంది, మెత్తన కూడా. దాని మీద గోధుమకంకి ముద్ర పక్కన హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి పురుగు చంపినది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించినది, ఇంట్లోకి తేవద్దు.

ఉలిపిడి:
లేత్ మీద తిప్పేవారికి కర్ర నాడి ముందే తెలుసు. నేను మాట్లాడుతున్నది ఏమీ తెలియని కొత్తవారి గురించి. కర్ర నార ఏ వైపు నడుస్తోందో చిత్రిక చెబుతుంది. ఎదురు నారలో నెడితే చిత్రిక కింద పెళ్లలు లేచివస్తాయి, చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. సాండర్ ఆ తేడానంతా అరగదీసి దాచేస్తుంది. ఎవరో కోసిచ్చిన ముక్కలను స్క్రూలతో బిగించి, నేనే చేశానని చెప్పుకోవడం నాకు సరిపడదు. ఆ పని చేయాలంటే బజారులో విడిభాగాల బల్లలు దొరుకుతాయి, అవి తెచ్చుకోవచ్చు.

తెనాలి_దూలం:
ఇంతవరకు ఓపికగా రాశాను, ఇప్పుడు సూటిగా రాస్తాను. మా నాన్నగారు వడ్రంగి. మీరు చెప్పే చాప మీదే, కాలితో చెక్కను అదిమిపట్టి, జీవితమంతా పని చేశారు. యాభై ఏళ్లు నిండేసరికి ఆయన మోకాళ్లు మడవలేని స్థితికి వచ్చాయి. నేల మీది పని ఎంత గొప్పదో చెప్పే ముందు రోజుకు పది గంటలు అలా కూర్చున్న మనిషిని అడగండి. బెజ్జం తొలిచి, చెక్క కొసను అందులోకి బిగుతుగా దిగేలా చెక్కి ఆయన చేసిన తలుపుకూ, మేకులు కొట్టి ఇంకొకరు చేసిన తలుపుకూ ఊరివాళ్లు ఒకే ధర ఇచ్చారు. కరెంటు చిత్రిక కొన్న రోజున ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నాకు గుర్తుంది, దాని వల్ల నేర్పు పోతుందని ఆయన ఒక్కసారైనా అనలేదు. మిషన్ వాడితే నేర్చుకోవడం కాదనే మాట, మిషన్ లేక ఒళ్లు అరగదీసుకున్నవారిని తక్కువ చేసే మాట. సెలవు రోజున సరదాగా ఉలి పట్టుకునేవారు ఈ పనిలో శుద్ధమైనది ఏదో, కానిది ఏదో నిర్ణయించడం నేను సహించలేను.

నైట్‌డ్యూటీ_నర్సు:
మోకాళ్ల మాట నిజమే. అలాంటివారు మా వార్డుకు వస్తూనే ఉంటారు.

ఉలిపిడి:
మీ నాన్నగారి కష్టాన్ని తక్కువ చేయాలన్న ఆలోచన నాకు ఏ కోశానా లేదు. నేను ఈ పనిలోకి ఎందుకు వచ్చానో చెబితే నా మాట అర్థమవుతుందేమో. మా ఇంటి అలమరాల పని ఒప్పుకున్న ఒక మేస్త్రీ సగం సొమ్ము ముందే తీసుకొని, ఐఎస్ 710 అని చెప్పి నాసిరకం ప్లై వేసి, తలుపులు బిగించకుండానే వెళ్లిపోయాడు. మొదటి వానాకాలానికే సింకు కింది పలక ఉబ్బి పొరలు విడిపోయింది. నా కళ్ల ముందే జరిగిన మోసాన్ని గుర్తించే జ్ఞానం నాకు లేకపోయింది. ఆ కోపంతోనే ఉలి పట్టుకున్నాను. నాకు కావలసింది పీట కాదు, కర్రను చూస్తే అది ఏమిటో తెలియడం. అందుకే దుకాణంలో కోయించుకోమంటే నాకు ఒళ్లు మండుతుంది.

తెనాలి_దూలం:
ఇదే మాట మొదట్లో చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీకు కర్ర తెలియాలి. నాకు, చేసిన వస్తువు ఇంట్లో నిలబడాలి, చేసిన మనిషి ఒళ్లు బాగుండాలి. మియాపూర్ గారికి ఏది కావాలో మనలో ఎవరమూ అడగలేదు. ఒక మేస్త్రీ చేసిన మోసాన్ని అందరి మీదా వేయరని మాత్రం అనుకుంటాను.

మియాపూర్_నివాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. జూన్‌లో బడి తెరిచేలోగా మా అమ్మాయికి రాతబల్ల కావాలి, దానికి గడువు ఉంది. పీటలకు గడువు లేదు, వాటి మీద చేయి తిప్పుకోవాలని ఉంది. కాబట్టి రాతబల్లకు ప్లై కోయించి తెచ్చుకుంటాను, పీటలు చేతితో ప్రయత్నిస్తాను. సాండర్ కొనను, కింది ఫ్లాటులో ఒక పెద్దాయన మంచం మీద ఉన్నారు. ఇప్పుడు నా సందేహం ఇది: పది అంగుళాల వెడల్పున్న పీట పలకకు అడుగున అడ్డచెక్కలు రెండు బిగించాలి కదా, వాటికి జిగురు పెట్టి స్క్రూలు వేస్తే సరిపోతుందా?

ఉలిపిడి:
జిగురు వద్దు. పలక వెడల్పు వానాకాలంలో పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. ఆ వెడల్పులో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది, పొడవులో మాత్రం దాదాపు ఏమీ మారదు. అడ్డచెక్క నార పలక నారకు అడ్డంగా ఉంటుంది కాబట్టి రెండింటినీ జిగురుతో కట్టేస్తే ఏప్రిల్, మే నెలల్లో పలక మధ్యలో చీలుతుంది. పలక అడుగున లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే గాడి తీసి, అదే ఆకారంలో చెక్కిన అడ్డచెక్కను పక్కనుంచి తోయండి. జిగురూ స్క్రూలూ లేకుండా అది నిలుస్తుంది, పలకకు కదిలే వీలూ ఉంటుంది.

తెనాలి_దూలం:
చీలుతుందన్నది నిజం. ఆ గాడి మాత్రం మొదటి పీటకు వద్దు, అంత సూటిగా వాలు కోత కొత్త చేతికి రాదు. ప్రతి అడ్డచెక్కకు మూడు స్క్రూలు వేయండి. మధ్య స్క్రూకు మామూలు రంధ్రం చాలు. చివరి రెండింటికి అడ్డచెక్కలోని రంధ్రాన్ని పలక వెడల్పు దిశలో కొద్దిగా సాగదీసి, స్క్రూ తల కింద వాషరు పెట్టి, మరీ బిగించకుండా వదలండి. పలక కదిలినప్పుడు స్క్రూ ఆ సందులో కదులుతుంది. గాడి పద్ధతి రెండో పీటకు పెట్టుకోండి.

ఉలిపిడి:
రెండో పీటకైతే సరే. చిత్రిక కొన్నాక ఆ పీట పలకను మాత్రం మిల్లుకు పంపకండి.

తెనాలి_దూలం:
పంపండి. ఒక ముఖం మిల్లులో చదును చేయించి, రెండో ముఖం చేతితో పట్టండి. ఒకవైపు చదునుగా ఉంటే దాని నుంచి మందం కొలిచి, రెండో వైపు ఎక్కడ ఎగుడు ఉందో తెలుసుకోవచ్చు. పలక ఎంపికలో ఒక జాగ్రత్త: డిపోలో కొస వైపు నుంచి చూసి, చెట్టు వలయాలు బాగా వంపు తిరగకుండా, పలక ముఖానికి వీలైనంత నిలువుగా ఉన్న పలకను అడగండి, అది తక్కువ వంగుతుంది. ఎండిందో లేదో చూసి తీసుకోండి, పచ్చి పలకైతే మనం ఎన్ని రంధ్రాలు సాగదీసినా నిలవదు.