24 ఏళ్లకే లారీ నేర్పే పని ఒప్పుకోవచ్చా?

గెలల లారీ:
అందరికీ నమస్కారమండి. మాది రావులపాలెం పక్కన. పది అయ్యాక ఐటీఐలో మోటార్ మెకానిక్ చేశాను, 18కి కారు లైసెన్సు, 20 నిండాక హెవీ వచ్చింది. అప్పటినుంచి మా మావయ్యగారి పది టైర్ల లారీ మీదే ఉన్నాను, అరటి గెలలు, ధాన్యం, కొబ్బరికాయలు, ఏ లోడు దొరికితే అది. మొన్న డ్రైవింగ్ స్కూల్ నడిపే ఒకాయన పిలిచి హెవీ నేర్పడానికి వస్తావా అన్నారు. జీతం తక్కువే, కానీ రాత్రుళ్లు ఇంట్లో ఉండొచ్చు, పైగా నేర్పడమంటే నాకు నిజంగా ఇష్టం. భయం ఒకటే. వచ్చేవాళ్లలో చాలామంది నలభై దాటినవాళ్లు, ఏళ్ల తరబడి ట్రాక్టర్ తోలినవాళ్లు. నిన్న స్కూల్ బండిలో ఒకాయన పక్కన కూర్చుని, క్లచ్ మీద కాలు ఆనించి ఉంచకండి అన్నాను. "మా పెద్దోడి వయసు లేదు నీకు, నాకు చెప్తావా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఒప్పుకోమంటారా, ఇంకో ఐదేళ్లు లారీ మీదే ఉండమంటారా?

ఫారం పద్నాలుగు:
ముందు కాగితాల సంగతి చూసుకో తమ్ముడూ. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 24వ నియమం చదువు. నేర్పేవాడికి పదో తరగతి, మోటార్ మెకానిక్స్ సర్టిఫికెట్, ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం అడుగుతుంది. లైసెన్సు వచ్చి ఆరేళ్లయింది కాబట్టి ఆ లెక్క సరిపోతుంది, కానీ హెవీ మీద నీకు నాలుగేళ్లే. ఆ మాట ఓనర్ గారికి ముందే చెప్పు, దాచకు. ఏ రోజు ఎవరు ఎన్ని గంటలు తోలారో రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు రాయి. ట్రాన్స్‌పోర్ట్ బండికి కనీసం 30 రోజులు, 15 గంటలు తోలించాలి. తోలించని గంటలకి సంతకం పెట్టమంటే ఆ రోజే బయటికి వచ్చెయ్యి. ఇంకో మాట, 2021 నుంచి వచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రాల్లో నేర్పేవాళ్లకి పన్నెండో తరగతి అడుగుతున్నారు. ఖాళీ దొరికినప్పుడు ఓపెన్ ఇంటర్ కట్టు.

గట్టుదారి:
నేను 26కి మొదలుపెట్టాను, ఇప్పుడు 43. ఒప్పుకో నాన్నా.

పెద్దవాళ్లకి నోటితో చెప్తే వినరు, కంటికి చూపిస్తే వింటారు. ట్రాక్టర్ తోలినాయనకి మలుపులో వెనక చక్రాలు లోపలికి కోస్తాయని ఎంత చెప్పినా చెవికెక్కదు. నేనేం చేసేవాణ్ణంటే, ఖాళీ మట్టి స్థలంలో టైర్లకి బాగా నీళ్లు కొట్టి, ఫుల్ స్టీరింగ్ మీద నెమ్మదిగా తిప్పించి, బండి ఆపి ఇద్దరం దిగేవాళ్లం. ముందు టైరు జాడ ఒకచోట, వెనక టైరు జాడ దానికి లోపలగా ఇంకోచోట, తడిగా కనపడుతుంది. రెండు జాడల మధ్య ఎంత దూరముందో ఆయన్నే అడుగులేసి కొలవమనేవాణ్ణి. ఆ తర్వాత కాలవ వంతెన దగ్గరికి తీసుకెళ్తే, నేను చెప్పకముందే బండిని బయటికి పట్టుకుని తిప్పుతాడు.

వయసులో ఉన్నవాడికి ఉండే అసలు ప్రమాదం వేరు. బండికి ఏమన్నా అయితే "కుర్రాడిని పెట్టారు, ఇలాగే అవుతుంది" అంటారని భయపడి స్కూల్ బండిలో నేర్పేవాడి వైపు ఉండే రెండో బ్రేకు ఊరికే నొక్కేస్తావు. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. నువ్వు నొక్కుతావని తెలిశాక నేర్చుకునేవాడు నొక్కడం మానేస్తాడు. కాలు బ్రేకు పైన పెట్టుకో, అరచెయ్యి ముందుకి పెట్టి "ఇప్పుడు" అను, అప్పటికీ ఆగకపోతేనే నొక్కు.

మన డెల్టా అంతా చదును, దిగుడు రోడ్డంటే ఏంటో మనవాళ్లకి తెలీదు. నా దగ్గర నేర్చుకున్న ఒకతను మారేడుమిల్లి ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగి, బ్రేకులు కాగిపోయి, కొండ వైపు రాసుకుంటూ బండి ఆపాడు. బతికాడు. నేను చెప్పలేదని అతను అనలేదు, కానీ నేను నిజంగా చెప్పలేదు. అప్పటినుంచి ఎక్కిన గేరులోనే దిగాలనేది మొదటి వారంలోనే చెప్తున్నాను, కాలవ గట్టు ఎక్కే ర్యాంపు మీద, వంతెన అప్రోచ్ మీద చేయిస్తున్నాను. ఎయిర్ బ్రేక్ పదే పదే కొడుతుంటే గాలి మీటర్ ముల్లు ఎలా పడిపోతుందో కూడా బండి ఆపి చూపించు.

కొబ్బరితోట:
నేను 39కి హెవీ నేర్చుకున్నాను, నేర్పినబ్బాయికి 25 ఉంటాయేమో. మొదటిరోజు నాకూ చిన్నతనంగానే అనిపించింది. అతను నలుగురిలో ఒక్కసారి కూడా కసరలేదు, "బాబాయ్ గారూ, కుడి అద్దం" అని ఊరుకునేవాడు, తప్పు ఏంటో బండి దిగాక పక్కకి తీసుకెళ్లి చెప్పేవాడు. ఇప్పుడు ధాన్యం సీజన్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి కదా, పది టైర్ల బండితో ఆ మిగతా సగంలోంచి పోతున్నప్పుడు నాకు "కుడి అద్దం" అనే ఆ గొంతే వినపడుతుంది. మీ ట్రాక్టర్ ఆయన్ని వదలకండి.

గెలల లారీ:
అందరికీ ధన్యవాదాలండి. హెవీ నాలుగేళ్లేనని ఓనర్ గారికి పొద్దున్నే చెప్పేశాను. ఐదో ఏడు నిండేదాకా పాత ఇన్‌స్ట్రక్టర్ గారి పక్కన ఉండి చూడమన్నారు, ఆదివారం కూడా రావాలట. నీళ్ల జాడ సంగతి ఆయనకి చెప్తే బకెట్ నన్నే తెచ్చుకోమన్నారు. గట్టుదారి గారూ, ఒక అనుమానం. లోడు లేని బండితో నేర్చుకున్నవాడికి లోడు మీద బ్రేకు ఎంత దూరంలో పడుతుందో మీరు ఎలా చూపిస్తారు?