కట్లపాము బండల కుప్పలో దూరింది, ఆ కుప్ప ఎట్ల తీయించాలి?

ప్రొద్దుటూరు కోడలు

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రోడ్డు వైపు ఊరు అయిపోయినాక వచ్చే కొత్త ప్లాట్లు. ఇల్లు కట్టి ఏడాదిన్నర. పక్కన రెండు ప్లాట్లు ఖాళీ, సర్కారు తుమ్మ నిలువెత్తు పెరిగింది. మా ఆయన కువైట్‌లో ఉంటాడు. ఇంట్లో నేను, మా అత్త, ఐదేళ్ల పిల్లోడు.

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర అయింటుంది. కరెంటు పోతే ఫోన్ లైటు వేసుకొని పెరట్లో ఆరేసిన బట్టలు తీయను పోయినా. బట్టలుతికే బండ కింద నుంచి ఒకటి వచ్చింది. నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తా, అడ్డంగా తెల్ల గీతలు. రెండు మూరలు ఉండొచ్చు. నన్ను పట్టించుకోనే లేదు. గోడ వెంబడి నిదానంగా పోయి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన బండల కుప్పలో దూరింది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. పిల్లోడి చొక్కా ఒకటి చేతిలో నలిపి పట్టుకొని అట్లే నిలబడినా.

ఆ కుప్పలో నాపరాళ్లు ముప్పై దాకా ఉంటాయి, ముక్కలు వేరే. పైన ఇంకో రూము వేసేటప్పుడు పనికొస్తాయని మా ఆయన పేర్పించి పోయినాడు. రూము ఎప్పుడో, ఏమో.

ఇంట్లో తలా ఒక మాట. మా అత్త "నాగేంద్రుడు, ఏమీ చేయడు, పుట్టలో పాలు పోసొస్తా" అంటుంది. ఎదురింటి అన్న కట్టె తీసుకొని వస్తానంటాడు. మా ఆయన వీడియో కాల్‌లో ఫినాయిల్ పొయ్యమన్నాడు. రెండు సీసాలు పోసినా. పెరడంతా ఆస్పత్రి వాసన తప్ప ఏం లేదు. అది లోపలే ఉందో, పోయిందో ఎవరికి తెలుసు?

ఇంకో సంగతి. మా అత్త వసారాలో ఉత్త బండ మీద పడుకుంటుంది. చాప కూడా వద్దు, సల్లగా ఉండాల అంటుంది.

కుప్ప తీయించాలంటే కూలోళ్లు పాము అంటే రారు. లేదని అబద్ధం చెప్పి పిలవను నాకు మనసొప్పదు. ఏం చేయాలో తెలిసినోళ్లు చెప్పండి.

మైదుకూరు మామ

గంధకం, వెల్లుల్లి దంచి నీళ్లలో కలిపి గోడ చుట్టూ చల్లమ్మా. ఈశ్వరి మొక్క ఒకటి నాటు. మా ఇంట్లో పదేండ్లుగా పాము లేదు.

పాముల తమ్ముడు, కడప

మామా, పదేండ్లు పాము రాకపోతే మీ ఇంట్లో ఎలుకలు లేవని లెక్క, వెల్లుల్లి గొప్ప కాదు. ఘాటు వాసన తగిలితే పాము మహా అయితే ఈ మూల నుంచి ఆ మూలకు జరుగుతుంది. ఆ మూల వంటిల్లు అయితే ఏం చేస్తాం? ఫినాయిల్‌దీ అదే కత. అక్కా, ఇంకా పొయ్యొద్దు.

ఒకటి గుర్తు చేసుకొని చెప్పు. తెల్ల గీతలు తల దగ్గర బాగా కనిపించినాయా, తోక వైపా? విషం లేని పాము ఒకటి అచ్చం ఇట్లే ఉంటుంది, ఇళ్లలో బల్లుల కోసం గోడలెక్కుతా ఉంటుంది. దానికి గీతలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోకకు పొయ్యేకొద్దీ మాసిపోతాయి. కట్లపాముకు దీనికి రివర్సు: ముందు భాగం దాదాపు నలుపే, వెనక్కి పొయ్యేకొద్దీ గీతలు తేలతాయి, అవీ రెండు రెండుగా.

ప్రొద్దుటూరు కోడలు

తల దగ్గర నల్లగానే ఉండె తమ్ముడూ. కుప్పలోకి దూరేటప్పుడు చివర తోకే చూసినా, జంట గీతలే. ఇప్పుడు ఇది రాస్తాంటే చేతులు చల్లబడుతున్నాయి.

పాముల తమ్ముడు, కడప

అయితే కట్లపామే అనుకో. భయపడొద్దు, పగలు అది మొద్దు నిద్ర. రాత్రే దాని రాజ్యం. కట్టె అన్నను మాత్రం ఆపు. చంపబోయి కరిపించుకున్నోళ్లను చాలా మందిని చూసినా. తల తెగిపడినా కాసేపటి దాకా కరవగలదు. పాములకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ కూడా ఉంది. అటవీశాఖ ఆఫీసుకు ఫోన్ చేసి పట్టేవాళ్లను అడుగు, వాళ్లు వచ్చినాకే కుప్ప ముట్టుకోండి.

బండల మేస్త్రి, ఎర్రగుంట్ల

అమ్మా, ఇరవై ఏండ్లు గనుల్లో బండలు ఎత్తినోణ్ణి. తేళ్లు, పాములు మాకు రోజూ ఉండేవే. బండ ఎత్తడంలో ఒక పద్ధతి ఉంది, అది తెలీకే కరిపించుకుంటారు.

మన వైపు అంచు పట్టుకొని ఎత్తుతారు అందరూ. అట్ల ఎత్తితే కింద ఉండేది నేరుగా మన కాళ్ల మీదికి వస్తాది. కొన వంచిన పొడుగు కడ్డీ అవతలి అంచుకు తగిలించి మన వైపుకు లాగాల. అప్పుడు బండ తలుపు మాదిరి మనకూ దానికీ నడుమ నిలబడతాది. అవతల పక్క దారి వదిలిపెట్టండి, ఆ పక్క ఎవురూ నిలబడొద్దు. సందులో చెయ్యి పెట్టే పనే లేదు. మోకాళ్ల దాకా బూట్లు. ఎండ వచ్చినాక మొదలుపెట్టి మధ్యాహ్నం లోపల అయిపోవాల.

తీసినాక మళ్లీ పడుకోబెట్టి పేర్చొద్దు తల్లీ. పడుకోబెట్టిన బండల కుప్ప అంటే పాముకు మిద్దె ఇల్లే. కింద ఇటుకలు వేసి, గోడకు ఒక్క వరుస నిలబెట్టు, వెనక వెలుతురు కనపడేటట్టు.

నైట్ డ్యూటీ సిస్టర్

అందరూ కుప్ప గురించే మాట్లాడుతున్నారు. నాకు మీ అత్తగారి పడక గురించే దిగులుగా ఉంది.

కట్లపాము కాటు చాలామందికి చీమ కుట్టినంత కూడా అనిపించదు. గాటు కూడా సరిగా కనపడదు. నేల మీద పడుకున్నవాళ్లు తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తారు. గ్యాస్ అనుకొని ఇంట్లోవాళ్లు సోడా తాగిస్తారు. నా డ్యూటీలో ఒకామెను అట్లాగే తెచ్చారు. "నిద్రొస్తాంది సిస్టర్, కళ్లు నిలవడం లేదు" అంటోంది. అది నిద్ర కాదు, విషం ఎక్కి రెప్పలు వాలిపోతున్నాయి. తర్వాత మాట ముద్దయిపోయింది, ఉమ్మి మింగలేకపోయింది, వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. బతికింది. కాబట్టి అత్తగారికి మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి దోపి. ఈ రాత్రి నుంచే.

కరిస్తే బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. నడిపించకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా చెక్క ఆనించి 108 పిలవండి. పామును చంపి తేవాల్సిన పని లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకటే. పిల్లలకూ పెద్దలకూ డోసు ఒకటే, పాము మనిషి సైజు చూసి విషం తగ్గించదు కదా.

ఇంకోటి. పాము కాటు కేసు వస్తే 2 మిల్లీలీటర్ల రక్తం గాజు ట్యూబులో తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతాం. తర్వాత వంచితే గడ్డ కట్టకుండా నీళ్లలా జారితే పింజరి విషం పని చేస్తోందని. కట్లపాము అయితే రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది. అది చూసి "అంతా బాగుంది, ఇంటికి పోతాం" అని గొడవ చేస్తారు. ఒప్పుకోవద్దు, 24 గంటలు అక్కడే ఉండాలి. వెంటిలేటర్ ఉండే ఆస్పత్రి మీకు దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కొని పెట్టుకో చెల్లీ.

ప్రొద్దుటూరు కోడలు

ఆదివారం పని అయిపోయింది. అటవీశాఖ వాళ్లు ఒక పిల్లోణ్ణి పంపించినారు, ఇద్దరు కూలోళ్లు కూడా వచ్చినారు. ఉన్న మాట చెప్పే పిలిచినా, రెండొందలు ఎక్కువ అడిగినారు, అంతే. మేస్త్రి అన్న చెప్పిన కొక్కెం కడ్డీ వెల్డింగ్ అంగట్లో వంచించినా.

తొమ్మిదో బండ కింద కుబుసం. పలచగా, గాజు కాగితం మాదిరి, దాని మీద గీతలు లేవు. ఇంకో రెండు బండలు లేపితే ఎలుక గూడు, సిమెంటు సంచి పోగులూ శెనక్కాయ పొట్టూ కలిపి అల్లింది. ఆ పొట్టు చూస్తానే నాకు అర్థమైంది. మా పుట్టింటి నుంచి తెచ్చిన శెనక్కాయల మూట మెట్ల కింద పెట్టి మూడు నెల్లు. ఎలుకలకు తిండి పెట్టింది నేనే.

పాము అడుగు నుంచి మూడో బండ కింద ఉండె. చుట్ట చుట్టుకొని, తల ఆ చుట్టల కింద దాచుకొని. ఎండ పడినా కదల్లేదు. ఆ పిల్లోడు కొక్కెంతో ఎత్తి సంచిలోకి వదిలి మూతి కట్టినాడు, రెండు నిమిషాల పని.

మా అత్త దూరం నుంచే చూసి "దీనికి పడగ యాడుంది? ఇది నాగేంద్రుడు కాదు" అని తేల్చేసింది. ఆ రాత్రి చెప్పకుండానే మంచం ఎక్కింది. దోమతెరలో ఉక్క అని నన్ను తిడతా ఉంది, తిట్టనీ.

శెనక్కాయలు డ్రమ్ములో పోసి మూత పెట్టినా. ఇంక పెరటి గోడకు నీళ్లు పొయ్యే తూము ఒకటి ఉంది, దానికి ఎంత సందు జాలీ వేయించాల?

బండల మేస్త్రి, ఎర్రగుంట్ల

పావు అంగుళం. చిటికెన వేలు దూరకూడదు. ఆకులు అడ్డం పడతా ఉంటాయి, వారానికోసారి కట్టెతో తియ్యి, చేత్తో కాదు.