వీణ వినడానికి బంగారు పూత వాక్‌మన్: వాడినవారి అభిప్రాయం కోరుతున్నాను

నల్లకుంట శ్రోత:
సోనీ వారి బంగారు పూత వాక్‌మన్ (జేబు మ్యూజిక్ ప్లేయర్) ఎన్‌డబ్ల్యూ-డబ్ల్యూఎం1జెడ్‌ఎం2 కొనాలా వద్దా అని మూడు నెలలుగా ఊగిసలాడుతున్నాను. నేను వినేవి ఎక్కువగా సీడీల నుంచి ఫ్లాక్ అనే, నాణ్యత తగ్గకుండా కుదించే ఫైళ్లలోకి మార్చుకున్న పాత వీణ కచేరీలు. ప్రస్తుతం ఫోనుకు చిన్న డాంగిల్ (ఇయర్‌ఫోన్లకు శబ్దం అందించే బుల్లి పరికరం) తగిలించి, 3.5 మి.మీ. జాక్ ఉన్న ఇయర్‌ఫోన్లతో వింటున్నాను. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంవారు పది నిమిషాలు విననిచ్చారు గానీ, వారి ఇయర్‌ఫోన్లతో, వారు పెట్టిన పాటలతో, ఏసీ హోరులో విన్నది లెక్కలోకి రాదని ఇంటికి వచ్చాక తోచింది. తీగ మీటిన తరువాత నాదం సన్నగిల్లుతూ పోయే చోట నిజంగా తేడా తెలుస్తుందా?

మియాపూర్‌వాసి:
ఏడాదిన్నరగా నా దగ్గర ఉన్నది. 2022లో వచ్చిన ఈ ప్లేయర్ పెట్టెను రాగితో చేసి బంగారు పూత వేశారు కనుక బరువు 490 గ్రాములు. అల్యూమినియం పెట్టెతో వచ్చే డబ్ల్యూఎం1ఏఎం2 అయితే 299 గ్రాములే. చొక్కా జేబులో వేసుకుని మెట్రో ఎక్కే వస్తువు కాదు, నాది పడక కుర్చీ పక్కనే ఉంటుంది. వినికిడి సంగతి అడిగారు కనుక చెబుతున్నాను: తంబుర శ్రుతి వెనుక నిశ్శబ్దం చిక్కగా ఉన్నట్టు, మంద్రస్థాయిలో గమకం తీగను పట్టుకుని చివరిదాకా సాగినట్టు నాకు వినిపిస్తుంది. అయితే నేను వినేది 4.4 మి.మీ. బ్యాలెన్స్‌డ్ జాక్ (ఒక్కో చెవికి విడిగా తీగల జత ఉండేది) నుంచి. అక్కడ 16 ఓమ్‌ల విద్యుత్ నిరోధం ఉన్న ఇయర్‌ఫోన్లకు ఒక్కో చానెల్‌కు 250 మిల్లీవాట్లు అందుతాయి. మీరు వాడే 3.5 జాక్‌లో అందేవి 60 మాత్రమే.

కోఠి మల్టీమీటర్:
పై వర్ణన చదవడానికి ఇంపుగా ఉన్నది, కానీ రెండు పరికరాల శబ్దస్థాయిని సమం చేయకుండా పోల్చితే, ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినదే మన చెవికి మరింత స్పష్టంగా, నిండుగా తోస్తుంది. గుజరాతీ గల్లీలో కొన్న మల్టీమీటర్‌తో, ఇయర్‌ఫోన్లు తగిలించి ఉంచే, 100 హెర్ట్జ్ స్వరానికి మిత్రుని ఖరీదైన ప్లేయర్, నా మామూలు పరికరం రెండింటి వోల్టేజీ సమానం చేసి, ఏది మోగుతున్నదో చూపకుండా తమ్ముడి చేత మార్పించాను. ఖరీదైనదాన్ని నేను సరిగ్గా గుర్తించినది సగానికి కాస్త ఎక్కువసార్లు. అది ఊహించి చెప్పినా వచ్చే ఫలితమే. పైగా 16 బిట్ల సీడీ అతి సన్నని ధ్వని నుంచి అతి పెద్ద ధ్వని దాకా సుమారు 96 డెసిబెళ్ల వ్యాప్తిని ఇముడ్చుకోగలదు, పాత కచేరీలు మొదట ఎక్కిన టేపుల్లోని బుస దానికి ఎంతో ముందే అడ్డుపడుతుంది. ఆ బుసను ఏ బంగారమూ తీయలేదు.

మియాపూర్‌వాసి:
శబ్దస్థాయి మాట ఒప్పుకుంటున్నాను, నేనెన్నడూ సమం చేసి చూడలేదు. కానీ మోగించడానికి కష్టమైన 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లు తగిలించినప్పుడు నా పాత డాంగిల్ పూర్తి స్థాయిలో పెట్టినా చాలకపోవడం భ్రమ కాదు. నల్లకుంటవారి ఇయర్‌ఫోన్లు ఎన్ని ఓమ్‌లవి?

నల్లకుంట శ్రోత:
32 ఓమ్‌లు, డాంగిల్‌తో సగం స్థాయికే చెవులు నిండుతాయి. నాకు శక్తి కొరత లేదన్నమాట.

మియాపూర్‌వాసి:
అయినా చెవితో తేల్చుకోండి. ఆదివారం ఉదయం మా ఇంటికి రండి, మీ డాంగిల్, ఇయర్‌ఫోన్లు, మీరు బాగా ఎరిగిన కచేరీ ఒకటి తెచ్చుకోండి. కోఠివారు మల్టీమీటర్‌తో దయచేస్తే ఇయర్‌ఫోన్ల తీగను ఒక పరికరం నుంచి మరొకదానికి మార్చే పని మా అబ్బాయికి అప్పగిస్తాను.