అప్‌డేట్: కాంపోజిట్ డెక్ లెక్క చివరికి ఎక్కడ తేలిందంటే

న్యూజెర్సీలో మా ఇంటి వెనుక 12 అడుగులకు 16 అడుగుల కాంపోజిట్ డెక్ (కలపపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలతో వేసే ఆరుబయటి అరుగు) వేయించాలి, 15 వేల డాలర్లు సరిపోతాయా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. సరిపోలేదు. 19 వేలు దాటింది.

అందరం పలకల ధర పట్టుకునే వాదించుకున్నాం గానీ, జేబుకు చిల్లు పెట్టింది రెయిలింగ్. డెక్ నేల నుంచి 30 అంగుళాల ఎత్తు దాటితే అది తప్పనిసరి. కనీసం 36 అంగుళాల ఎత్తుండాలి, కడ్డీల సందుల్లోంచి 4 అంగుళాల బంతి దూరకూడదు. మూడు వైపులా, మెట్లు పోగా 36 అడుగులు వచ్చింది. కాంపోజిట్ రెయిలింగ్ ధర విన్నాక నల్ల అల్యూమినియం మాకు ఎంతో అందంగా కనిపించింది!

జాయిస్టుల (పలకల కింద మోసే దూలాల) మధ్య దూరం ఎంతో కాంట్రాక్టర్‌ని అడగమన్నవారికి ధన్యవాదాలు. పలకలు నేరుగా పరిస్తే 16 అంగుళాలకొక జాయిస్టు చాలు, ఐమూలగా అయితే 12 అంగుళాలకే కావాలి. మా ఆవిడ ముచ్చటపడిన ఐమూల డిజైన్ అక్కడే ఆగిపోయింది.

అన్నిటికంటే చవకగా వచ్చిన కొటేషన్‌లో పర్మిట్ రుసుము, పునాది గుంతలు లేనేలేవు. ఇక్కడ చలికి నేల గడ్డకట్టి ఉబ్బుతుంది కాబట్టి గుంతలు లోతుగా తీయక తప్పదు. పైన పలకలకు పాతికేళ్ల వారంటీ ఇచ్చినా, కింద ఫ్రేము మందు పట్టించిన మామూలు కలపే. అందుకే జాయిస్టుల పైఅంచుకు నీరు దిగకుండా నల్లటి జిగురు టేపు వేయించాను. అయిన ఖర్చులో అది లెక్కలోకే రాదు.

మెట్ల లైట్లు వచ్చే ఏడాదికి వాయిదా. వైర్లు మాత్రం ఇప్పుడే లాగించేశాం.